మూలుగలో ఇల్లు కట్టే కణం: అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ పరిశోధన జీవితం

ఉత్తర తెలంగాణలో ఎముకను బొక్క అంటారు, ఎముకల వైద్యుణ్ణి బొక్కల డాక్టరు అంటారు, బొక్క లోపలి మెత్తని పదార్థాన్ని మూలుగ అంటారు. ఆదివారం పూట మటన్ కూరలో మూలుగ బొక్క ఎవరి కంచంలో పడాలన్నది వరంగల్ ఇళ్లలో పిల్లల మధ్య పోటీకి సరిపడే విషయమే. బొక్క కొసను కంచానికి తట్టి లోపలిది జుర్రుకునే పిల్లవాడి చేతిలో ఉన్నది, ఆ జీవి శరీరంలో రెండు రకాల పుట్టుకలు పక్కపక్కనే జరిగే చోటు. ఒకటి రక్తం పుట్టుక, రెండవది ఎముక పుట్టుక. మూలుగలో రక్తం తయారవుతుందని 1868లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ న్యూమన్ చెప్పాడు. అదే మూలుగలో ఎముకకు కూడా విత్తనం ఉందని, ఆ విత్తనాన్ని వేరుచేసి, పెంచి, లెక్కపెట్టి చూపవచ్చని రుజువు కావడానికి దాదాపు మరో వందేళ్లు పట్టింది. ఆ రుజువుకు తన జీవితంలో ముప్పై ఏళ్లకు పైగా ఇచ్చిన మనిషి అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్.

ఆయన 1924లో కీవ్‌లో పుట్టి, 1997లో కన్నుమూశాడు. పరిశోధన చేసినది మాస్కోలోని గమలేయా సంస్థలో. ఈ పేరు తెలుగువారికి కొత్తది కాదు. 2021లో డాక్టర్ రెడ్డీస్ ద్వారా మన దేశానికి వచ్చిన స్పుత్నిక్ టీకా ఆ సంస్థలోనే రూపుదిద్దుకుంది. అంటువ్యాధుల మీద, సూక్ష్మజీవుల మీద పనిచేసే ఆ సంస్థలో ఎముక గురించి ఆలోచించే ఒక ప్రయోగశాల ఉండటం కొంత ఆశ్చర్యంగానే కనిపిస్తుంది. మూలకణాలంటే తమలాంటి కణాలనూ, వేరే రకాల కణాలనూ పుట్టించగల కణాలు. నేడు అది పత్రికల్లో, ప్రకటనల్లో, మోకాళ్ల నొప్పులున్నవారి ఫోన్లలో వినిపించే మాట. ఆ మాట వెనుక ఉన్న అసలు పని ఏమిటో, దాని హద్దులు ఎక్కడో తెలుసుకోవాలంటే ఫ్రీడెన్‌స్టైన్ ప్రయోగాలను వరుసగా చూడటం కంటే మంచి దారి లేదు. ఎందుకంటే ఆయన లోకానికి ఇచ్చినది ఒక కొత్త కణం పేరు మాత్రమే కాదు, ఆ పేరు పెట్టే ముందు కణం నెగ్గవలసిన పరీక్ష. తరువాతి కాలంలో పేరు ఊరూరా తిరిగింది, పరీక్ష మాత్రం ప్రయోగశాలల్లోనే మిగిలిపోయింది. ఈ రోజు కనిపించే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ ఎడబాటు నుంచే పుట్టింది.

ముందుగా ఎముక స్వభావం గురించి కొంత చెప్పుకోవాలి. గట్టిగా ఉంటుంది కాబట్టి ఎముకను చాలామంది జీవం లేని దూలం లాంటిదని అనుకుంటారు. నిజానికి పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుంది. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకను కరిగించి చిన్న గుంత చేస్తాయి. ఆ పని రెండు నుంచి నాలుగు వారాల్లో అయిపోతుంది. ఆస్టియోబ్లాస్ట్ అనే కణాలు ఆ గుంతను నింపడానికి మూడు, నాలుగు నెలలు తీసుకుంటాయి. పడగొట్టడం సులువు, కట్టడం ఆలస్యం అన్నది ఎముక విషయంలో కూడా నిజమే. పడగొట్టే కణం రక్తకణాల వంశానిదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. మరి కట్టే కణం ఏ వంశానిది? అది ఎముక మీది పొరలో మాత్రమే ఉంటుందా, మూలుగలో కూడా ఉంటుందా? ఉంటే, అది రక్తానికి తల్లి అయిన కణమేనా, వేరొకటా? ఫ్రీడెన్‌స్టైన్ జీవితమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

ఆయన తొలి ఆసక్తి చాలా విచిత్రమైన ఒక సంగతి మీద పుట్టింది. మూత్రాశయం లోపలి పొరను తీసి పొట్ట గోడలో నాటితే, అక్కడ ఎముక పుడుతుందని అమెరికాలో చార్లెస్ హగ్గిన్స్ 1931లోనే కుక్కలలో చూపించాడు. ఎముకతో ఏ సంబంధమూ లేని చోట ఎముక ఎందుకు పుట్టింది? నాటిన పొర తానే ఎముకగా మారిందా, లేక చుట్టుపక్కల కణాలకు ఏదో సంకేతం పంపి వాటిచేత ఎముక కట్టించిందా? ఫ్రీడెన్‌స్టైన్ ఈ దృశ్యాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి, ఎముకను కట్టగల పూర్వ కణాలు రెండు రకాలని ప్రతిపాదించాడు. మొదటి రకం ఎవరూ చెప్పకపోయినా ఎముకనే కడతాయి. వాటి స్థానం మూలుగ. రెండవ రకం శరీరంలో ఇతర చోట్ల ఉంటూ, బయటి ప్రేరణ అందితే మాత్రమే ఆ పనికి దిగుతాయి. దాదాపు అదే కాలంలో, 1965లో, లాస్ ఏంజెలిస్‌లో మార్షల్ యూరిస్ట్ ఖనిజం తీసేసిన ఎముక పొడిని కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని చూపించాడు. ఆ ప్రేరణ ఇచ్చే ప్రోటీన్లకే తరువాత బీఎంపీ (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్, అంటే ఎముకను రూపుదిద్దే ప్రోటీన్) అన్న పేరు స్థిరపడింది. యూరిస్ట్ సంకేతాన్ని వెతికాడు, ఫ్రీడెన్‌స్టైన్ ఆ సంకేతాన్ని వినే కణాన్ని వెతికాడు. రెండు దారులు కలిస్తేనే ఎముక కథ పూర్తవుతుంది.

1966లో వచ్చిన పత్రంలో ఆయన మూలుగ కణాలను డిఫ్యూజన్ చాంబర్ అనే చిన్న డబ్బీలో బంధించి జంతువు శరీరంలో ఉంచాడు. ఆ డబ్బీకి రెండు పక్కలా సన్నని జల్లెడ పొర ఉంటుంది. పోషకాలు లోపలికి వెళ్తాయి గానీ, బయటి కణాలు లోపలికి రాలేవు, లోపలివి బయటికి పోలేవు. కొన్ని వారాల తరువాత డబ్బీ తెరిస్తే లోపల ఎముక ఉంది. బయటి నుంచి ఏ కణమూ రాలేదు గనుక, ఆ ఎముకను కట్టినది మూలుగలోని కణమే అయి తీరాలి. ఈ ప్రయోగంలోని అందం దాని సాదాతనంలో ఉంది. వాదనకు తావు లేకుండా చేసినది ఖరీదైన యంత్రం కాదు, ఒక జల్లెడ పొర.

అంతకంటే లోతైన సంగతి 1968లో బయటపడింది. మూలుగను మూత్రపిండం పొర కింద లాంటి పరాయి చోట నాటితే అక్కడ ఒక చిన్న ఎముక గుండు తయారవుతుంది. దాన్ని కోసి చూస్తే, బయట ఎముక గోడ, లోపల రక్తం తయారుచేసే మూలుగ, అచ్చంగా అసలు బొక్కను కుదించినట్టు ఉంటుంది. దాత జంతువు కణాలను, గ్రహీత జంతువు కణాలను వేరుగా గుర్తుపట్టే వీలుండేలా ప్రయోగం చేసినప్పుడు తేలినది ఇది: గోడ, లోపలి ఆధార కణజాలం దాతవి, లోపల తయారవుతున్న రక్తకణాలు గ్రహీతవి. అంటే నాటిన కణాలు ఇల్లు కట్టాయి, ఆ ఇంట్లోకి అద్దెకు వచ్చినవి స్థానిక రక్త మూలకణాలు. ఇల్లు ఒకరిది, కాపురం ఇంకొకరిది. ఎముకను కట్టే వంశం, రక్తాన్ని పుట్టించే వంశం రెండూ ఒకే మూలుగలో ఉంటూనే వేరువేరు అని దీనితో రూఢి అయింది. టొరంటోలో టిల్, మెక్‌కలక్ 1961లో రక్త మూలకణాలకు లెక్కగల పరీక్షను ఇచ్చారు. ఆ దశకం ముగిసేలోగా ఎముక వైపు కూడా అలాంటి పరీక్షకు పునాది పడింది.

ఆ పరీక్ష 1970లో వచ్చింది, దాని దగ్గర కాసేపు ఆగాలి. గినీ పంది మూలుగను తీసి, కణాలు విడివిడిగా అయ్యేలా చెదరగొట్టి, పోషక ద్రవం ఉన్న పాత్రలో పలుచగా పోస్తారు. రక్తానికి చెందిన కణాలు చాలావరకు ద్రవంలో తేలుతూ ఉండిపోతాయి. ద్రవం మార్చినప్పుడల్లా అవి పోతాయి. లక్ష కణాలలో ఒకటి నుంచి పది దాకా మాత్రం పాత్ర అడుగున అతుక్కుంటాయి. మొదటి రెండు, మూడు రోజులు ఏమీ కనిపించదు. ఆ తరువాత అక్కడక్కడా కండె ఆకారంలో సాగిన కణాలు రెండు, నాలుగు కనిపిస్తాయి. పది, పద్నాలుగు రోజులకు రంగు వేసి కడిగితే, తెల్లని అడుగు మీద ఊదా రంగు చుక్కలు తేలతాయి. ముగ్గు వేయడానికి ముందు వాకిట్లో పెట్టిన చుక్కల్లాగే ఉంటాయి గానీ వరుస ఉండదు. మాగ్నిఫయర్ కింద చూస్తే ఒక్కో చుక్క ఒక కాలనీ, మధ్యలో దట్టంగా, అంచుల్లో పలుచగా, తిరుగుతున్న సుడిలా. కనీసం 50 కణాలున్న గుంపునే కాలనీగా లెక్కించడం ప్రయోగశాలల్లో వాడుక.

ప్రతి కాలనీ ఒకే ఒక్క కణం సంతానమని ఎలా నమ్మాలి? అనేక కణాలు వచ్చి ఒకచోట గుమిగూడి ఉండవచ్చు కదా. ఈ అనుమానాన్ని ఫ్రీడెన్‌స్టైన్ బృందం వదిలిపెట్టలేదు. పోసిన కణాల సంఖ్యను రెట్టింపు చేస్తే కాలనీలూ రెట్టింపు అవుతున్నాయా అని చూశారు, అవుతున్నాయి. ఒక్కో కాలనీకి ఒక్క కణమే మూలమైనప్పుడే ఆ లెక్క అంత సూటిగా వస్తుంది. మగ, ఆడ జంతువుల కణాలను కలిపి సాగుచేసి, పెరిగిన కాలనీలలో క్రోమోజోములను చూశారు; ఒక కాలనీ పూర్తిగా మగదో, పూర్తిగా ఆడదో అయింది, కలగాపులగం కాలేదు. ఈ లెక్క వల్లనే మూలుగలో ఎముకకు విత్తనాలు ఎన్ని ఉన్నాయో మొదటిసారి సంఖ్యగా చెప్పగలిగారు. విజ్ఞానంలో ఒక భావన అంకెగా మారిన క్షణం అది.

అయినా కాలనీ కట్టినంత మాత్రాన అది మూలకణం అయిపోదని అందరికంటే గట్టిగా పట్టుబట్టినది ఆయనే. పాత్రలో పెరిగిన ఒక్క కాలనీని తీసి, తిరిగి జంతువులో నాటి, అక్కడ అది ఏం కడుతుందో చూడాలన్నది ఆయన షరతు. 1970లలో, 1980లలో ఆయన బృందం ఆ పనే చేసింది. కొన్ని కాలనీలు మాత్రమే మూలుగతో సహా ఎముకను కట్టాయి. కొన్ని ఉత్త ఎముకనే కట్టాయి. మిగిలినవి నారలాంటి కణజాలంతోనో, ఏమీ లేకుండానో ముగిశాయి. ఒకే పాత్రలో, ఒకే రంగులో, ఒకే ఆకారంలో కనిపించే చుక్కలలో ఏది అసలు విత్తనమో, ఏది తాలు గింజో నాటితే గానీ తెలియదు. జొన్న చేతికి తీసుకుని చూస్తే అన్నీ గింజలే. మొలకశాతం చూసిన రైతుకే ఏది విత్తనమో తెలుస్తుంది.

ఆనాటి సోవియట్ పరిశోధన పాశ్చాత్య దేశాలకు ఆలస్యంగా అందేది. ఆక్స్‌ఫర్డ్‌లో ఎముక కణాల మీద పనిచేసిన మౌరీన్ ఓవెన్ ఆయన పని విలువను గుర్తించి కలిసి నడిచింది. ఇద్దరూ కలిసి 1988లో రాసిన పత్రం ఈ కణాలను స్ట్రోమా మూలకణాలుగా, మూలుగ నుంచి వచ్చే ఎముక పూర్వ కణాలుగా ఒక క్రమంలో పెట్టింది. స్ట్రోమా అంటే ఆధార కణజాలం, ఇంటికి గోడల్లాంటిది. ఆ పేరు ఒద్దికైనది. కణం ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో అంతే చెబుతుంది.

మూడేళ్లకు, 1991లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆర్నాల్డ్ కాప్లన్ ఇవే కణాలకు మీసెంకైమల్ మూలకణాలన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. మీసెంకైమ్ అంటే పిండ దశలో ఎముక, మృదులాస్థి, కండరం, కొవ్వు వంటి అనేక కణజాలాలు పుట్టే పొర. అలాంటి పొరకు వారసులు పెద్దవారి మూలుగలో కూడా ఉన్నారని, వాటితో అనేక కణజాలాలను బాగుచేయవచ్చని ఆ పేరు సూచించింది. 1999లో పిటెంజర్ బృందం మనిషి మూలుగ కణాలను పాత్రలోనే ఎముక, మృదులాస్థి, కొవ్వు దిశగా మళ్లించి చూపాక ఆ పేరు ప్రపంచమంతా పాకింది. ఇక్కడే మెల్లగా ఒక మార్పు జరిగింది. జంతువులో నాటి చూడాలన్న షరతు పోయి, పాత్రలో రసాయనాలు వేసి రంగు మారిందా లేదా చూడటం సరిపోతుందన్న పద్ధతి వచ్చింది. డెక్సామెథాసోన్, విటమిన్ సి, ఒక ఫాస్ఫేట్ లవణం కలిపితే చాలా కణాలు సున్నం పేరుస్తాయి. అలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే ఆ సున్నం ఎర్రగా కనిపిస్తుంది. కానీ సున్నం పేరుకోవడం వేరు, ఎముక వేరు. నీళ్లు కాచే పాత్ర అడుగున కూడా సున్నం పేరుకుంటుంది. దాన్ని ఎవరూ బొక్క అనరు.

2006లో అంతర్జాతీయ కణ చికిత్స సంఘం ఈ కణాలకు కనీస గుర్తులను నిర్ణయించింది. పాత్రకు అతుక్కోవాలి, పైపొరలో కొన్ని ప్రోటీన్లు ఉండాలి, కొన్ని ఉండకూడదు, పాత్రలో మూడు దిశలలోకి మళ్లాలి. ఈ గుర్తులు ప్రయోగశాలల మధ్య పోలికకు పనికివచ్చిన మాట నిజమే. అయితే చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్‌లు (నార కణజాలాన్ని కట్టే మామూలు కణాలు) కూడా వీటిలో చాలావాటిని నెగ్గగలవు. ఒక్క కణం తనలాంటి కణాన్నే మళ్లీ పుట్టించగలదా అన్న మూలకణపు అసలు లక్షణం ఆ జాబితాలో లేనే లేదు. ఇటలీకి చెందిన పావొలో బియాంకో, అమెరికాకు చెందిన పమేలా రోబీ ఈ లోపాన్ని ఏళ్ల తరబడి ఎత్తిచూపారు. 2007లో బియాంకో బృందం ఫ్రీడెన్‌స్టైన్ షరతును మనిషి కణాలతో పూర్తిచేసింది: సీడీ146 అన్న ప్రోటీన్ గల కణం నుంచి పెరిగిన ఒక్కొక్క కాలనీని రోగనిరోధక శక్తి లేని ఎలుక చర్మం కింద నాటితే ఎముక గుండు తయారైంది, అందులో ఎలుక రక్తం కాపురం పెట్టింది, ఆ గుండు నుంచి మళ్లీ తీసిన మనిషి కణాలు మళ్లీ కాలనీలు కట్టాయి. 2018లో స్టాన్‌ఫర్డ్ బృందం మనిషి అస్థిపంజర మూలకణాన్ని మరింత స్పష్టంగా వేరుచేసి, అది ఎముకను, మృదులాస్థిని, స్ట్రోమాను కడుతుంది గానీ కొవ్వును కాదని చూపింది. పేరు పెట్టిన కాప్లనే 2017లో ఆ పేరు మార్చవలసిన సమయం వచ్చిందని శీర్షికలోనే రాశాడు. శరీరంలో ఈ కణాలు ఎక్కువగా చేసేది కొత్త కణజాలంగా మారడం కాదని, గాయపడ్డ చోట ఉపయోగపడే పదార్థాలను స్రవించడమని ఆయన వాదన. తాను తెచ్చిన పేరును తానే వెనక్కి తీసుకోమని అడగటం ఒక శాస్త్రజ్ఞుడికి చిన్న విషయం కాదు. ఆ నిజాయితీకి గౌరవం ఇవ్వాలి.

ఈ కథ వరంగల్‌కు ఎక్కడ తగులుతుందంటే, ముందుగా విరిగిన కాలి బొక్క దగ్గర. హైదరాబాద్ రహదారి మీద బండి జారినవారు, సింగరేణి గనుల్లో దెబ్బతిన్నవారు, పొలంలో ట్రాక్టర్ కింద కాలు పడినవారు ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోట్లకు వచ్చినప్పుడు చాలాసార్లు విరిగి ఉండేది మోకాలి కింది పిక్క ముందరి ఎముక. దాని ముందు వైపు కండ ఉండదు, చర్మం కిందే ఎముక తగులుతుంది. కింది మూడో భాగానికి రక్తం తక్కువగా అందుతుంది. అందుకే అది ఒక్కోసారి నెలలు గడిచినా అతుక్కోదు. ఇలాంటి చోట పల్లెల్లో నల్లేరు పసరు, నాటు కట్టు కోసం వెళ్లడం ఇప్పటికీ ఉంది. నల్లేరు మీద కాశీ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచే జంతువులలో పరిశోధన జరిగింది గనుక దాన్ని ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయడం తగదు. అయితే ఎముక కొసల మధ్య కట్టే కణాలే లేనప్పుడు ఏ పసరూ వాటిని సృష్టించలేదు.

పారిస్ దగ్గర క్రెటేలో ఫిలిప్ ఎర్నిగూ చేసిన పని ఇక్కడ నేరుగా పనికొస్తుంది. అతుక్కోని పిక్క ఎముకలున్న 60 మందికి, వారి తుంటి ఎముక అంచు నుంచే మూలుగను తీసి, చిక్కబరిచి, విరిగిన చోట సూదితో ఎక్కించాడు. 2005లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 53 మందికి ఎముక అతుక్కుంది, ఏడుగురికి అతుక్కోలేదు. అందరికీ ఒకే చికిత్స, ఒకే చెయ్యి, మరి ఆ ఏడుగురికి ఎందుకు కాలేదు? ఎక్కించిన మూలుగలో కొంత భాగాన్ని పాత్రలో సాగుచేసి, ఫ్రీడెన్‌స్టైన్ పద్ధతిలో కాలనీలను లెక్కపెట్టి చూస్తే, ఆ ఏడుగురికి అందిన పూర్వ కణాల సంఖ్య, చిక్కదనం తక్కువగా తేలింది. అంతకు ముప్పై ఐదేళ్ల ముందు మాస్కోలో గినీ పంది మీద మొదలైన చుక్కల లెక్క ఇక్కడ మనిషి కాలు నిలబడుతుందా లేదా అన్నదానికి కొలబద్ద అయింది.

మూలుగను తీసే తీరు కూడా ఆ లెక్కను మారుస్తుంది. తుంటి అంచున చర్మానికి మత్తు ఇచ్చి, లావుపాటి సూదిని ఎముకలోకి తిప్పుతూ దించినప్పుడు, గట్టి పైపొర దాటగానే చేతికి ఒక్కసారిగా సడలినట్టు తెలుస్తుంది. సిరంజి వెనక్కి లాగితే ముదురు ఎరుపు ద్రవం, అందులో సన్నని మూలుగ రవ్వలు వస్తాయి. మొదటి రెండు మిల్లీలీటర్లలో మూలుగ చిక్కగా ఉంటుంది. అదే చోట లాగుతూ పోతే వచ్చేది ఎక్కువగా రక్తమే. సిరంజి నిండుతుంది గానీ విత్తనాలు పెరగవు. అందువల్ల తెలిసిన వైద్యులు కొద్దికొద్దిగా తీస్తూ సూది స్థానాన్ని మారుస్తూ ఉంటారు. ఎంత మూలుగ తీశారన్న ప్రశ్న కంటే అందులో ఎన్ని విత్తనాలు వచ్చాయన్న ప్రశ్న పెద్దది.

రెండవ తావు ఫ్లోరైడ్. పక్కనున్న నల్లగొండ ఈ బాధకు పేరుపడింది గానీ, జనగామ వైపు పల్లెల్లో, పాత వరంగల్ జిల్లా బోరు నీళ్లలో కూడా ఫ్లోరైడ్ సమస్య ఉన్నదే. ఫ్లోరైడ్ ఎముక కట్టే కణాలను ఉసిగొల్పుతుంది, ఎముక ఖనిజంలో తానే చోటు చేసుకుంటుంది. ఎముక దట్టమవుతుంది, స్నాయువులు గట్టిపడతాయి, వెన్ను వంగదు. ఎముక ఎక్కువైతే బలం ఎక్కువవుతుందన్న భ్రమతో ఒకప్పుడు ఫ్లోరైడ్‌ను ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలకు మందుగా కూడా ఇచ్చారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిగ్స్ బృందం 202 మంది స్త్రీలలో సగం మందికి నాలుగేళ్లు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూసింది. 1990లో వచ్చిన ఫలితం ప్రకారం వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు, ఇతర ఎముకలు విరగడం పెరిగింది. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించినదల్లా మంచి ఎముక కాదని నల్లగొండ నడుములు దశాబ్దాలుగా చెబుతున్న సంగతే ఆ పరీక్ష చెప్పింది. పాత్రలో ఎర్రగా మారిన సున్నాన్ని చూసి ఎముక అనుకోవడానికీ, ఎక్స్‌రేలో తెల్లదనాన్ని చూసి బలం అనుకోవడానికీ పెద్ద తేడా లేదు.

మూడవది, ఎక్కువ ఆలోచించవలసినది, ఆదిలాబాద్ అడవుల సంగతి. గోండులు తదితర ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. రక్తకణం కొడవలిలా వంగి సన్నని నాళాలలో అడ్డుపడుతుంది; తుంటి కీలు గుండుకు రక్తం ఆగిపోతే అక్కడి ఎముక చచ్చిపోయి, కొంతకాలానికి కుంగిపోతుంది. చిన్న వయసులోనే కుంటుతూ వచ్చే యువకులు ఈ ప్రాంతపు వైద్యులకు తెలియనివారు కారు. ఈ జబ్బు నిర్మూలనకు కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. సికిల్ సెల్‌ను మూలుగ మార్పిడితో నయం చేయవచ్చని విన్న కుటుంబాలు, మార్పిడి జరిగితే పాడైన తుంటి కూడా బాగుపడుతుందని ఆశపడటం సహజం. ఇక్కడే 1968 నాటి ఎముక గుండు అర్థం చెబుతుంది. మార్పిడిలో కుదురుకునేది దాత రక్త మూలకణం, అంటే కొత్త అద్దెదారు. గోడలు కట్టే స్ట్రోమా చాలావరకు రోగిదే అలాగే ఉంటుందని మార్పిడి అయినవారి మూలుగను పరిశీలించిన అధ్యయనాలు చూపాయి. కొడవలి కణాలు రావడం ఆగుతుంది గనుక కొత్తగా ఎముక చావడం తగ్గవచ్చు. కుంగిన తుంటి గుండు దానంతట అది లేవదు.

తుంటికి చేయగలిగినది వేరే ఉంది, అదీ వేళకు చేస్తేనే. ఎర్నిగూ 2002లో ప్రకటించిన మరో అధ్యయనంలో 189 తుంటి కీళ్లలో చచ్చిన ఎముక దాకా రంధ్రం చేసి, రోగి మూలుగనే చిక్కబరిచి ఎక్కించారు. ఆ రోగుల్లో సికిల్ సెల్ ఉన్నవారూ ఉన్నారు. గుండు కుంగకముందు చేసిన 145 కీళ్లలో తొమ్మిదింటికే తరువాత కీలు మార్పిడి అవసరమైంది. కుంగిన తరువాత చేసిన 44లో 25కి అవసరమైంది. పోలికకు చికిత్స లేని మరో జట్టు లేదు గనుక ఈ అంకెలను జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు పిల్లవాడు గజ్జల్లో నొప్పి అన్నప్పుడు దాన్ని నడుము పట్టుగా వదిలేయకుండా ఎంఆర్ఐ దాకా తీసుకుపోవడం ఎంత విలువైనదో వీటిలో కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులకు మూలకణాల ఇంజెక్షన్ అన్న ప్రకటనలను ఈ వెలుగులో చదవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2007లో తెచ్చిన మార్గదర్శకాల పేరులో పరిశోధన, చికిత్స రెండూ ఉండేవి. 2013లో చికిత్స అన్న మాటను ఆ పేరు నుంచి తొలగించింది. 2017 మార్గదర్శకాల ప్రకారం నిర్ణీత రక్త వ్యాధులకు రక్త మూలకణాల మార్పిడి మాత్రమే ఆమోదించిన చికిత్స. మిగిలినవన్నీ అనుమతి పొందిన ప్రయోగాలుగానే జరగాలి, ప్రయోగంలో చేరిన రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. ప్రయోగాల దశ దాటి ఔషధ నియంత్రణాధికారి అనుమతి పొందిన కణ ఉత్పత్తులు ఆ తరువాత కొన్ని వచ్చాయి. వాటి దారి వేరు, ఏ జబ్బుకు, ఏ మోతాదుకు అనుమతి ఉందో కాగితం మీద ఉంటుంది. అనుమతి లేకుండా అదే రోజు పొట్ట కొవ్వు నుంచో, రక్తం నుంచో ఏదో తీసి మోకాలికి ఎక్కించి దాన్ని మూలకణ చికిత్స అనడం రోగులకు అన్యాయం. మిర్చి అమ్మిన డబ్బు, ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు అందులో పోతుంది. ఇచ్చిన ద్రవంలో కాలనీ కట్టగల కణాలు ఎన్ని ఉన్నాయి, ఆ లెక్క ఏ ప్రయోగశాల చేసింది, ఏ అనుమతి సంఖ్య కింద ఇస్తున్నారు అని అడిగే హక్కు రోగికి, ఇంటివారికి ఉంది. ఆ ప్రశ్నకు కాగితం చూపలేని చోట మూలకణం అన్నది ఉత్త పేరే.

నిజాయితీగా చేసేవారికి కూడా ఒక చిక్కు ఇంకా తీరలేదు. తుంటి నుంచి తీసిన మూలుగను ఆపరేషన్ టేబుల్ దగ్గరే చిక్కబరిచి గంట, రెండు గంటల్లో విరిగిన చోట ఎక్కిస్తారు. అందులోంచి పక్కకు తీసిన కొద్ది చుక్కలు పాత్రలో కాలనీలుగా పెరగడానికి పది, పద్నాలుగు రోజులు కావాలి. రోగికి అందిన విత్తనాలు చాలినన్నా, తక్కువా అన్నది తెలిసే నాటికి ఆయన కాలికి కట్టుతో ఊరికి చేరి రెండు వారాలవుతుంది. ఉన్న కణాలన్నిటినీ గంటలో లెక్కపెట్టే యంత్రాలు ఉన్నాయి గానీ, ఆ కణాలలో ఎముక కట్టగలవి ఏవో అవి చెప్పలేవు. పైపొర ప్రోటీన్లను బట్టి అప్పటికప్పుడే అసలు విత్తనాన్ని గుర్తించే దారిని 2007, 2018 నాటి పరిశోధనలు తెరిచాయి. అది ఆపరేషన్ గది దాకా ఇంకా రావలసి ఉంది.